సాయిబుగారి గుక్కెడు నీళ్ళు

నీళ్ళ క్యాన్లు వేసే వ్యాను అతను పొద్దున్నే ఖాళీ క్యాను అందుకుంటూ, రేపు రానని చెప్పినంత మామూలుగా చెప్పాడు. "మేడమ్, పాతూళ్ళో నీళ్ళ సాయిబు నిన్న సాయంత్రం పోయాడంట. ఇవాళ మధ్యాహ్నం నమాజు అయ్యాక తీసుకెళ్తారంట." చెప్పి, నిండు క్యాను గుమ్మంలో దించి, పక్కింటికి వెళ్ళిపోయాడు.

పదకొండేళ్ళు ఎరిగి ఉండి ఆయన పేరేమిటో నేను ఏనాడూ అడగలేదు. కాలనీ అంతా నీళ్ళ సాయిబు అనేది. నేను మాత్రం సాయిబుగారు అనేదాన్ని. ఆ 'గారు' తగిలించడంతోనే నా మర్యాద అంతా అయిపోయిందనుకున్నాను కాబోలు.

మా కాలనీని ఇప్పుడు అందరూ బీచ్ టౌన్ అంటున్నారు గానీ, మేం వచ్చేనాటికి దానికి పేరే లేదు. సముద్రానికి అరకిలోమీటరు ఇవతల సరుగుడు తోటలు కొట్టేసి, ఇసుకలో తెల్లరాళ్ళు పాతి, ప్లాట్లు వేసి అమ్మారు. అంతకు ముందు అక్కడున్నవి నాలుగు పాత బంగళాలు. పొగాకు షావుకార్లు ఎప్పుడో ఎండాకాలం చల్లగాలికని కట్టించుకున్నవి. మేం చూసేసరికి వాటి కిటికీ రెక్కలు ఉప్పుగాలికి ఊడిపోయి, కాపలావాళ్ళ మేకలు హాల్లో పడుకునేవి. తొంభైల చివర్లో ప్లాట్లు కొన్నవాళ్ళంతా పై ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. రిటైరైన హెడ్మాస్టర్లు, గుంటూరు మిర్చి యార్డులో ముప్పయ్యేళ్ళు తుమ్మి తుమ్మి విసిగిన వ్యాపారులు, చీమకుర్తి క్వారీల మోతకి చెవులు పోగొట్టుకున్న మేనేజర్లు. దగ్గున్నవాళ్ళు, కీళ్ళ నొప్పులవాళ్ళు, కోడలితో పడనివాళ్ళు. సముద్రం గాలి మంచిదని ఎవరో ఒకరు వాళ్ళందరికీ చెప్పి పంపించారు.

గాలి సంగతి సరే, నీళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. అక్కడ ఇసుక కింద మంచినీళ్ళు ఉన్న మాట నిజమే. కానీ పల్చటి పొరలాగా ఉంటాయి. వాటి కిందే ఉప్పునీళ్ళు. ఒక ప్లాటులో ఇరవై అడుగులకి కొబ్బరినీళ్ళలాంటివి పడితే, గోడవతల ప్లాటులో నోట పెట్టలేనివి పడేవి. అందుకని మా కాలనీలో ఎవరూ ముందు ఇల్లు కట్టరు. ముందు బావి తవ్విస్తారు, బావికి ముందు సాయిబుగారిని పిలుస్తారు.

ఇసుకలో బావి అంటే మనిషి పట్టేంత గుండ్రటి సిమెంటు ఒరలు దించడమే. ఒరలో కూర్చుని ఇసుక తోడుతుంటే ఒర తన బరువుకి తనే కిందికి దిగుతుంది. దాని మీద ఇంకొకటి. నీళ్ళు పడ్డాక ఒక రాత్రి తేరనిచ్చి, మర్నాడు పొద్దున సాయిబుగారు రెండు సార్లు పుక్కిలించి, మూడోసారి పుక్కిట పట్టి నిలబడేవాడు. కళ్ళు మూసుకునేవాడు. సన్నటి మెడ, ముందుకి పొడుచుకొచ్చిన గొంతుముడి. ఇంటిల్లిపాదీ ఆ గొంతుముడినే చూస్తూ ఉండేవాళ్ళు. అది కదిలిందంటే ఇల్లు కట్టుకోవచ్చు. కదల్లేదంటే పక్కకి తిరిగి ఊసేసేవాడు. తూర్పున సముద్రం, పడమర ఆయన నమాజు దిక్కు, అందుకని దక్షిణానికి తిరిగేవాడు. మింగినా, ఊసినా, నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. పార భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు.

మావారు మార్టూరులో రాళ్ళు పాలిష్ చేసే యూనిట్లో పద్దెనిమిదేళ్ళు సూపర్‌వైజరుగా చేశారు. ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుందని గుంటూరు డాక్టరు ఎక్స్‌రే దీపానికి అడ్డం పెట్టి చూపించాడు. "ఆ దుమ్ములోనే ఉంటే ఎన్నాళ్ళో ఉండరు. బయటపడితే మాత్రం ఏళ్ళు గడిచిపోవచ్చు" అన్నాడు. మాకు పిల్లల్లేరు. ఉన్నదంతా అమ్మి ఇక్కడ అయిదు సెంట్లు కొన్నాం. తొంభై ఎనిమిదిలో, వేసవి మొదట్లో, మా బావి తవ్వడానికి ఆయన వచ్చాడు.

మొదటి రోజే ఆయన మీద నాకు కోపం వచ్చింది. గోంగూర పచ్చడి నేను బాగా చేస్తాను. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు, మా వైపు చుట్టాలందరూ ఒప్పుకున్న సంగతి. ఇల్లు లేచేదాకా ఉండటానికి వేసుకున్న పాకలో స్టవ్వు పెట్టుకుని, ఆ ఇసుకలో అవస్థపడి వండి, అన్నంలో పచ్చడి వేసి ఇస్తే, ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దమ్మా. మజ్జిగుంటే పొయ్యండి, చాలు."

"ఏం, మా ఇంట్లో తినరా?" అన్నాను. నా నోరు అంతే.

"తింటాను. కారం తినను. అది నాలిక మీద కూర్చుంటే రెండు రోజులు లేవదు. ఉప్పు కనుక్కోలేను."

మిరపకాయ పండే గడ్డ మీద పుట్టి కారం తినని మనిషిని నేను ఆయన్ని ఒక్కణ్ణే చూశాను. బీడీ లేదు, వక్కపొడి లేదు, పచ్చి ఉల్లిపాయ లేదు. పెళ్ళి భోజనాల్లో చివరి బంతిలో కూర్చుని ముద్దపప్పు, నెయ్యి అడిగి వేయించుకునేవాడు. వడ్డించేవాళ్ళు "ఏం సాయిబూ, పళ్ళు రాలేదా ఇంకా?" అని ఏడిపిస్తే, నవ్వుతూ అదే పప్పు మళ్ళీ కలుపుకునేవాడు. వాళ్ళావిడ మాత్రం కారంలో ఎండుచేపలు ముంచి తినే మనిషని తర్వాత తెలిసింది. ఆ ఇంట్లో రెండు పొయ్యిలు, రెండు కూరలు.

నాలుగో రోజు పొద్దున మావారు కుర్చీ వేయించుకుని బావి పక్కనే కూర్చున్నారు. సాయిబుగారు పుక్కిట పట్టిన నీళ్ళతో చాలాసేపు నిలబడ్డాడు. నాకు ఓపిక తక్కువ, లోపలికి పోదామనుకున్నాను. అంతలో గొంతుముడి పైకి లేచి కిందికి దిగింది. మావారు కుర్చీలోంచి లేచి ఆయన చెయ్యి పట్టుకున్నారు. పెళ్ళయ్యాక ఆయన కళ్ళు తడవడం నేను చూడటం అదే మొదలు.

"నీళ్ళు బాగున్నాయని నోటితో ఎవడైనా చెప్తాడే. గొంతు అబద్ధం ఆడలేదు" అని ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర నాతో అన్నారు. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు.

సాయిబుగారికి ఊళ్ళో మనుషులు పేర్లతో గుర్తుండేవాళ్ళు కాదు, నీళ్ళతో గుర్తుండేవాళ్ళు. మా ఇంటి ముందు నుంచి పోతూ పోతూ ఆగి చెప్పేవాడు. "హెడ్మాస్టరుగారివి మంచియ్యే, కాకపోతే కొంచెం తుప్పు. యార్డు షావుకారు గారియ్యి మొదటి గుక్క బాగుంటయ్యి, తర్వాత నాలిక మీద పేచీ పెడతయ్యి." షావుకారు కూడా అలాంటి మనిషే కాబట్టి నేను నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని. మరి మావో అంటే, "మీయ్యి నెమ్మదైన నీళ్ళమ్మా. మీ ఆయన లాగా" అనేవాడు. నన్ను కలపకపోవడం నేను గమనించాను.

ఆయన పోట్లాడేది ఒక్క విషయానికే. ఇరవై అడుగులు దాటి తవ్వడు. ఎవరైనా ఇంకొంచెం లోతు దించమంటే పార కింద పెట్టేసేవాడు. "పైనున్నయ్యి మంచినీళ్ళు. కిందున్నయ్యి ఉప్పునీళ్ళు. మనం ఆశపడి కిందికి పోతే అయ్యి లేచి కూర్చుంటయ్యి. ఒకసారి లేస్తే మళ్ళీ పడుకోవు" అనేవాడు. బోర్లు వేసే కాంట్రాక్టరు ఒకతను ఆయన్ని పిచ్చి సాయిబు అని నవ్వేవాడు. ఆ నవ్వినతనే తర్వాత కాలనీలో సగం బోర్లు వేశాడు.

రంజాను నెలలో ఆయన కొత్త బావి మొదలుపెట్టేవాడు కాదు. తప్పనిసరైతే పగలు నీళ్ళు నోట్లో పోసుకుని ఊసేసేవాడు. ఒక్కపొద్దులో రుచి చూడటం తప్పు కాదట, మింగడమే తప్పు. "ఇవాళ ఊశానని కంగారు పడకండి" అని ముందే చెప్పి, పొద్దుగుంకాక మళ్ళీ వచ్చి, ఆ నీళ్ళు మంచివైతే వాటితోనే ఒక్కపొద్దు విడిచేవాడు. హెడ్మాస్టరుగారి బావి దగ్గర అలా చేయడం నేను చూశాను. ఒక ఖర్జూరపు పండు, ఆ పైన దోసిలితో కొత్త బావి నీళ్ళు. హెడ్మాస్టరుగారి భార్య కొంగు కప్పుకుని దణ్ణం పెట్టింది.

అలా మూడు నాలుగేళ్ళు బాగా గడిచాయి. తర్వాత దక్షిణం వైపు పొలాలన్నీ రొయ్యల చెరువులయ్యాయి. వాటికి ఉప్పునీళ్ళు తోడి పోశారు. ఇటు కాలనీలో అపార్ట్‌మెంట్లు లేచాయి, ఒక్కొక్కదానికి రెండేసి లోతు బోర్లు. ముందు చివరి వీధిలో బావులు మారాయి. తర్వాత షావుకారుగారిది, తర్వాత హెడ్మాస్టరుగారిది. నీళ్ళలో ఏదో తేడా ఉందని అందరికీ తెలుసు, కానీ సాయిబుగారు ఊస్తేగానీ ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు. ఆయన ఊసిన నెలకో రెండు నెలలకో ఆ ఇంటికి 'అమ్మబడును' బోర్డు వేలాడేది. పైగా ఆయన ఊసేది దక్షిణం దిక్కుకి. దక్షిణం అనేసరికి మనవాళ్ళకి ఇంకో భయం. ఒకప్పుడు కుర్చీ వేసి కూర్చోబెట్టినవాళ్ళే ఆయన్ని చూసి గేటు వేసుకోవడం మొదలుపెట్టారు.

ఆయనకీ అది కష్టంగానే ఉండేది. తను దించిన ఒరలు, తను మింగిన నీళ్ళు. ఎవరైనా పిలిస్తే "సాయంత్రం వస్తాలెండి" అని తప్పించుకుని, ఇక ఆ వీధికే వచ్చేవాడు కాదు. కొన్నాళ్ళకి కాలనీకి అదీ అర్థమైపోయింది. సాయంత్రం వస్తానన్నాడంటే ఆ ఇంటి నీళ్ళు పోయినట్టే.

రెండు వేల మూడు వానాకాలంలో మా బావి పోయింది. మొదట నాకు తెలిసింది పప్పు దగ్గర. గంటసేపు ఉడికించినా కందిపప్పు పలుకు పలుకుగానే ఉంది. సబ్బు నురగ రావడం మానేసింది. మావారు అప్పటికి మంచం పట్టారు. వసారాలో పడక కుర్చీ దాకా నడిచి రావడమే ఆయనకి పెద్ద ప్రయాణం. అయినా ఆ గాలిలో ఊపిరి ఆడుతోంది, రాత్రి నిద్ర పడుతోంది. ఆయన ఒక మాట ముందే చెప్పి ఉంచారు.

"నీళ్ళు పోయిన రోజు మనం ఇక్కడ ఉండం. నేను పోయాక ఈ ఇసుకలో, ఈ ఉప్పునీళ్ళతో నువ్వొక్కదానివే ఏం చేస్తావు? ఎంతొస్తే అంతకి అమ్మేసి మార్టూరు పోదాం. మీ అన్నయ్య పక్కన ఉంటే నాకు నిశ్చింత."

మార్టూరులో మా అన్నయ్య ఇంటికి రెండు వైపులా రాళ్ళ మిల్లులే. ఆ దుమ్ములో ఆయన నెల రోజులు బతకడని డాక్టరు చెప్పనక్కర్లేదు, నాకే తెలుసు. కాబట్టి మా బావి పోయిందని ఆయనకి తెలియకూడదు. నాకు కావలసింది అదొక్కటే. పప్పులో చిటికెడు సోడా వేసి ఉడికించాను. ఆయన లేవకముందే తెల్లవారుజామున, ఇంకా ఉప్పెక్కని పాత బంగళా బావికి వెళ్ళి రెండు బిందెలు తెచ్చి, ఆయన తాగడానికీ, ఒళ్ళు తుడవడానికీ అవే వాడాను. మిగతాదంతా ఉప్పునీళ్ళతోనే గడిపాను.

ఒకరోజు బంగళా దగ్గర సాయిబుగారు ఎదురయ్యాడు. నా చంకలో బిందె చూశాడు. ఆయనకి చెప్పాల్సిన పని లేకపోయింది. నేనే ఆగి అడిగాను. "మావారు ఎప్పుడైనా పిలిస్తే నీళ్ళు బాగున్నాయని ఒక్క మాట చెప్పండి సాయిబుగారూ. బావి పోయిందని తెలిస్తే మళ్ళీ ఆ మార్టూరు దుమ్ములోకే పోదామంటారు."

"నేను నోటితో ఎప్పుడు చెప్పానమ్మా?" అన్నాడు. "ఒక్కపొద్దు నెల నడుస్తా ఉంది. అబద్ధం ఆడలేను. మీ వీధికి రాకుండా ఉంటాను. అంతకంటే నా వల్ల కాదు తల్లీ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మనిషి ప్రాణం కంటే నీ నియమం ఎక్కువా అని మనసులో తిట్టుకుంటూ బిందె ఎత్తుకున్నాను.

వారం తిరక్కుండానే ఆయన మా వీధికి రావాల్సి వచ్చింది. పక్కింటి బావిలో కుక్కపిల్ల పడింది. దాన్ని తీసి, ఒంటినిండా తడితో మా గేటు ముందు నుంచి పోతున్నాడు. పదకొండు గంటల వేళ. మావారు వసారాలో పడక కుర్చీలో ఉన్నారు. పప్పు రుచి మారిందని అప్పటికి నాలుగు రోజులుగా గొణుగుతున్నారు.

"సాయిబూ, ఇట్రా. మన నీళ్ళొకసారి చూసిపో."

సాయిబుగారు గేటు దగ్గరే ఆగిపోయాడు. "సాయంత్రం వస్తాను బాబుగారూ."

ఆ మాట వినగానే మావారి మొహం మారిపోయింది. ఏదో అనబోయి దగ్గుతెర పట్టుకుంది. గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, కుర్చీ చేతులు పట్టుకుని, ఎంతసేపు దగ్గారో. తగ్గాక సాయిబుగారి వైపు చూడనే లేదు, నా వైపు చూశారు. "మీ అన్నయ్యకి ఫోను చెయ్యి. ఈ ఆదివారానికి లారీ మాట్లాడమను."

మంచం పట్టిన మనిషికి ఏ నెల నడుస్తోందో పట్టింపు లేదు. అది ఒక్కపొద్దుల నెల అని ఆయనకి తట్టలేదు. నాకు తెలుసు. నేను నోరు విప్పి, "పగలు మింగకూడదండీ, అందుకే సాయంత్రం వస్తానన్నారు" అనొచ్చు. అప్పుడు సాయంత్రం ఆయన రావాలి, వస్తే ఊసెయ్యాలి. నేను మాట్లాడలేదు.

సాయిబుగారు గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. ఎవరినీ అడక్కుండా చేద వేసి నీళ్ళు తోడాడు. వసారా మెట్టు కిందికి, మావారికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. రెండు సార్లు పుక్కిలించి పక్కన వదిలాడు. మూడోసారి పట్టి కళ్ళు మూసుకున్నాడు. మావారు కుర్చీలో ముందుకి వంగారు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆ నీళ్ళు ఎంత ఉప్పగా ఉన్నాయో మా ముగ్గురిలో తెలిసింది ఇద్దరికి.

గొంతుముడి పైకి లేచింది. కిందికి దిగింది.

మావారు వెనక్కి వాలి, "పిచ్చిదానా, పప్పు సరిగా ఉడికించడం నేర్చుకో" అన్నారు నాతో. చాలా రోజుల తర్వాత నవ్వారు.

నేను గేటు దాకా సాయిబుగారి వెంట వెళ్ళాను. దణ్ణం పెట్టాల్సిన చోట నేను ఏం అడిగానో చూడండి. "ఈ మాట ఎవ్వరితోనూ అనకండి. మీ ఇంట్లో కూడా చెప్పకండి. ఆవిడ గుడ్లు అమ్మడానికి ఇంటింటికీ వస్తుంది, ఎక్కడో ఒకచోట జారుతుంది" అన్నాను. ఆయన భుజం మీది తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. మొహం బూడిద రంగులో ఉంది. "చెప్పనమ్మా" అని వెళ్ళిపోయాడు. తర్వాత మా వీధిలో నుంచి ఎప్పుడు వెళ్ళినా తల వంచుకునే వెళ్ళేవాడు.

మావారు ఆ తర్వాత ఏడాది పైన బతికారు. వచ్చినవాళ్ళందరికీ, "కాలనీ అంతా పోయినా మన బావి పోలేదండీ. సాయిబు మింగి చూపించాడు" అని చెప్పేవారు. వాళ్ళు నా మొహం చూసి ఊరుకునేవాళ్ళు. సాయంకాలాలు వసారాలో కూర్చుని గాలి పీల్చుకునేవారు. ఆ ఏడాది నాకు దక్కిందంటే ఆ గుక్క వల్లే. నేను తెచ్చిన బిందెలదేం లేదు.

ఆ గుక్క మింగిన మరుసటి వేసవిలో, మే నెల ఎండలో, జీడిమామిడి తోట పక్కన సాయిబుగారు చెట్టు కింద కూలబడి కనిపించాడు. పెదాలు పగిలి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. నా సంచిలో సీసాడు మజ్జిగ ఉంటే తీసిచ్చాను. వద్దన్నాడు.

"ఒక్కపొద్దులో ఉన్నానమ్మా."

"రంజాను ఎక్కడో ఉందిగా ఇంకా?"

"పాతది ఒకటి తీర్చుకుంటన్నాను" అన్నాడు. అదేనా అని అడిగేలోపే, "బాబుగారు బాగున్నారా? గాలి పడతా ఉందా?" అని మాట మార్చాడు. పోయిన ఒక రోజుకి బదులు ఇంకో రోజు ఉంటున్నాడు కాబోలు అనుకున్నాను. అంతకంటే అడగలేదు. నా ఇంట్లో మనిషి ఊపిరి తప్ప ఆ రోజుల్లో నాకు ఇంకేదీ కనపడేది కాదు.

ఆ కార్తీకంలో మావారు పోయారు. దినాలు అయ్యాక సాయిబుగారు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. వెళ్ళబోతూ, "అమ్మా, ఇంక ఆ మాట..." అన్నాడు.

"ఇప్పుడవన్నీ ఎందుకండీ" అన్నాను. మావారిని మోసం చేశామన్న సంగతి ఎవరూ గుర్తుచేయడం నాకు ఇష్టం లేకపోయింది. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండానే సునామీ వచ్చి సముద్రం కాలనీ మొదటి రెండు వీధుల్లోకి ఎక్కింది. ఉన్న బావులు కూడా పోయాయి. ఆ తర్వాత క్యాన్లు వచ్చాయి. నాలిక మీద నీళ్ళు పెట్టి చెప్పే మనిషితో ఎవరికీ పని లేకపోయింది. ఆయన్ని దారిలో చూసినప్పుడల్లా పలకరించాను గానీ, రెండు కిలోమీటర్లు నడిచి వాళ్ళింటికి ఒక్కసారీ వెళ్ళలేదు.

ఇవాళ వ్యాను అతను చెప్పాక కూడా వెంటనే బయల్దేరలేదు. ఏ మొహంతో వెళ్ళను, ఎవరని చెప్పను అని మధ్యాహ్నం దాకా తేల్చుకోలేకపోయాను. నేను వెళ్ళేసరికి రెండున్నర. మగవాళ్ళు వాకిట్లో చాపలు చుట్టేస్తున్నారు. లోపల సాయిబుగారి భార్య గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టింది. "పడక కుర్చీ బాబుగారి భార్యవి కదూ. రామ్మా" అంది.

పక్కన కూర్చున్నాను. ఆవిడే మొదలుపెట్టింది. "మంచోడే తల్లీ. ఊరంతా మంచోడనే అంటది. నేనే ఈ అయిదేళ్ళూ ఆయనతో సరిగా మాట్లాడలేదు. అన్నం పెట్టేదాన్ని, గుడ్డలుతికేదాన్ని. మాట్లాడేదాన్ని కాదు."

"ఎందుకమ్మా?"

ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఆ ఏడు బక్రీదు వెళ్ళాక వరసగా ఒక్కపొద్దులుండటం మొదలెట్టాడు. అరవై రోజులు. మధ్యలో జ్వరమొస్తే నలభై పైన అయినయ్యి కూడా ఒదిలేసి, మళ్ళీ ఒకటో రోజు కాడ్నించి మొదలెట్టాడు. రంజానులో కావాలని పగలు ఒక్కపొద్దు చెడగొట్టుకున్నోడు అట్టా తీర్చుకోవాలమ్మా. ఏం చేశావయ్యా అంటే చెప్పడు. పగలంతా కాలనీలోనే తిరిగే మనిషి. ఎవరింట్లోకి పోయాడో, ఎవత్తితో చెడిపోయాడో అనుకున్నాను. మా వీధంతా అదే అనుకుంది. పెద్దలు పిలిచి అడిగితే తల వొంచుకున్నాడు. మాటిచ్చానన్నాడు. ఎవత్తికిచ్చాడో, ఎందుకిచ్చాడో."

"నాకే ఇచ్చారమ్మా" అన్నాను.

అంతా చెప్పాను. సోడా వేసిన పప్పు దగ్గర్నుంచి గేటు దగ్గర నేను అడిగిన మాట దాకా, దినాల తర్వాత ఆయన వాకిట్లో నిలబడి అడగబోయింది దాకా ఏదీ దాచలేదు. చివరికి ఆవిడ ఒకే ప్రశ్న వేసింది.

"ఎంత మింగాడు?"

"ఒక్క గుక్క."

ఆవిడ ఏడవలేదు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. వాకిలి వైపు, ఆయన్ని తీసుకెళ్ళిన దారి వైపు చూసింది.

"ఒక్క గంట ముందొచ్చినా బాగుండేదమ్మా" అంది. "మొహం చూసి ఒక మాట మాట్లాడేదాన్ని."